పెంపుడు పాములో శ్వాసకోశ వ్యాధిని సకాలంలో గుర్తించే విధానం

పాము ఊపిరి తీస్తుంటే చప్పుడు వస్తోందని, అది కుబుసం విడిచే ముందు వచ్చే మామూలు శబ్దమా లేక జబ్బా అని పాములను పెంచేవారు తరచుగా అడుగుతుంటారు. కేవలం ఒక శబ్దాన్ని బట్టి దీనికి జవాబు చెప్పడం సాధ్యం కాదు. ఆ పాము ఆరోగ్యంగా, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎలా ఊపిరి తీసేదో తెలిసినవారికే ఇప్పుడు వచ్చిన మార్పు ఏమిటో తెలుస్తుంది. అందువల్ల ఈ మార్గదర్శి జబ్బు లక్షణాలతో కాకుండా ముందస్తు తయారీతో మొదలవుతుంది. ఇక్కడి సూచనలు విషంలేని పెంపుడు పాములకు, ముఖ్యంగా బాల్ పైథాన్ (ఒక చిన్న జాతి కొండచిలువ), కార్న్ స్నేక్, బోవా వంటి వాటికి వర్తిస్తాయి. విషసర్పాల విషయంలో దూరం నుంచి గమనించడం వరకే పాటించాలి. చేతితో పట్టుకుని చేసే పరీక్షలు వాటికి ఎంతమాత్రం పనికిరావు.

1. జబ్బు ఆలస్యంగా బయటపడడానికి కారణాలు

మనకు ఊపిరి ఆడించే డయాఫ్రమ్ అనే కండర పొర పాముకు లేదు. పక్కటెముకల మధ్య ఉండే కండరాలే దాని ఊపిరితిత్తిని ఆడిస్తాయి. అందువల్ల అది మనలాగా బలంగా దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. ఊపిరితిత్తిలో చేరిన స్రావం అక్కడే నిలిచి, చిక్కబడి, సూక్ష్మజీవులకు ఆశ్రయమవుతుంది. పైగా సరీసృపాలలో చీము నీరుగా కారదు, జున్నుముక్కలాగా గట్టిపడుతుంది.

చాలా జాతుల పాములలో కుడి ఊపిరితిత్తి ఒక్కటే పని చేస్తుంది. ఎడమది నామమాత్రంగా ఉంటుంది లేదా అసలు ఉండదు. కొండచిలువలు, బోవాలలో రెండూ ఉన్నప్పటికీ ఎడమది చిన్నది. ఊపిరితిత్తి వెనుక భాగం కేవలం గాలిసంచి మాదిరిగా ఉంటుంది కాబట్టి రక్తంలోకి ప్రాణవాయువు చేరే పని ఎక్కువగా ముందు భాగంలోనే జరుగుతుంది.

వీటన్నిటికీ తోడు, తక్కువ ప్రాణవాయువుతో చాలాసేపు నెట్టుకురాగల శక్తి పాముకు ఉంది. కదలకుండా పడి ఉండే జంతువుకు ఆయాసం వచ్చినా అది పైకి కనిపించదు. కనుక నోరు తెరిచి ఊపిరి తీసే స్థితికి వచ్చిందంటే జబ్బు నిన్నో మొన్నో మొదలైనది కాదని అనుకోవడమే క్షేమం.

2. పాము ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయవలసిన తయారీ

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఆహారం తిన్న తేదీ, మలవిసర్జన, కుబుసం విడిచిన తేదీ, బరువు, పెట్టెలోని వెచ్చని వైపు, చల్లని వైపు ఉష్ణోగ్రతలు, తేమ శాతం అందులో రాయండి. ఈ ఆరు వివరాలు లేకుండా వచ్చే యజమానితో పశువైద్యుడి సమయం సగం ప్రశ్నలకే సరిపోతుంది.

తరువాత పాము ఊపిరి తీరును నమోదు చేయాలి. అది పగలు నిద్రపోతూ గాని, కదలకుండా గాని ఉన్నప్పుడు పెట్టె మూత తీయకుండా, ముందుభాగం పక్కటెముకలు ఎలా లేచి పడుతున్నాయో ఐదు నిమిషాలు చూడండి. పాము ఊపిరి గడియారంలాగా సమానంగా సాగదు. కొన్ని శ్వాసలు తీసి, కొంతసేపు పూర్తిగా ఆపి, మళ్లీ మొదలుపెట్టడం దానికి సహజం. ఈ విరామాన్ని చూసి కంగారు పడనవసరం లేదు. నిమిషానికి ఇన్నిసార్లు అని అన్ని పాములకూ సరిపోయే అంకె ఏదీ లేదు. జాతిని బట్టి, పరిమాణాన్ని బట్టి, ఆ గంటలోని ఉష్ణోగ్రతను బట్టి అది మారుతుంది. అందువల్ల మీ పాము లెక్క మీరే రాసుకోవాలి, దానితో పాటు ఒక వీడియో కూడా తీసి దాచుకోవాలి.

దగ్గర ఉంచుకోవలసినవి:

- గ్రాముల వరకు చూపే డిజిటల్ తూకం యంత్రం, అందులో పామును ఉంచడానికి మూత ఉన్న డబ్బా
- వెలుగు మరీ తీవ్రంగా లేని చిన్న టార్చి
- ప్రోబ్ (తీగ చివర ఉండే, ఉష్ణోగ్రతను పసిగట్టే భాగం) ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు, తేమను కొలిచే ఒక డిజిటల్ హైగ్రోమీటర్
- శబ్దం కూడా రికార్డు చేసే ఫోన్
- తెల్లని కాగితపు తువ్వాళ్లు
- సరీసృపాలకు చికిత్స చేసే పశువైద్యుల చిరునామా, ఫోన్ నంబరు

చివరి అంశాన్ని చాలామంది పట్టించుకోరు. కుక్కలు, పిల్లులను మాత్రమే చూసే వైద్యులకు పాముల మందుల మోతాదులు, వాటి మధ్య వ్యవధి తెలియకపోవచ్చు. అవసరం వచ్చిన రాత్రి వెతకడం కంటే ముందే ఒకరిని ఎంచుకుని, ఒకసారి మామూలు పరీక్షకు తీసుకువెళ్లడం మంచిది.

3. మొదటి దశ: తాకకుండా గమనించడం

అనుమానం కలిగిన వెంటనే పామును చేతిలోకి తీసుకోవడం అందరూ చేసే పొరపాటు. పట్టుకోగానే అది బెదిరి బుస కొడుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, దాని భంగిమ మారిపోతుంది. మీరు చూడవలసిన ఆనవాళ్లు ఆ కంగారులోనే చెదిరిపోతాయి. ముందుగా గదిలో చప్పుడు లేకుండా చేసి, పెట్టెకు కొంచెం దూరంగా కూర్చుని పది నిమిషాలు చూడండి.

గమనించవలసినవి:

- తల ఎలా ఉంది? విశ్రాంతిగా ఉన్న పాము తలను చుట్టపైనో నేలపైనో ఆనిస్తుంది. ముక్కు పైకి ఉండేలా తలను, మెడను నిలువుగా ఎత్తి, గోడకు ఆనించి అలాగే ఉండిపోతే శ్వాసమార్గాన్ని తిన్నగా ఉంచుకోవడానికి ప్రయత్నిస్తోందని అనుమానించాలి.
- నోరు మూసి ఉందా? పెదవుల గీత ఎక్కడైనా కొద్దిగా తెరుచుకుని ఉందా?
- ప్రతి శ్వాసకూ గొంతు కింది చర్మం ఉబ్బుతోందా?
- శరీరం ముందుభాగం అతిగా ఉబ్బి, ఒక్కసారిగా తగ్గుతోందా? ఊపిరి వదలడానికి పాము ప్రయాస పడుతోందా?
- శ్వాసల మధ్య విరామం మీ పుస్తకంలో రాసినదానికంటే బాగా తగ్గిందా?
- నిద్రపోయే వేళలో అటూ ఇటూ తిరుగుతోందా? లేక తిరిగే వేళలో మందకొడిగా పడి ఉందా?

పామునే కాకుండా పెట్టె గోడలను కూడా చూడాలి. ముక్కునుంచి జిగురు కారే పాము మూతిని అద్దానికి రాస్తుంది. ఆ రాసిన చోట, పాము తల ఎత్తులో, ఎండిపోయిన పలుచని మరకలు గీతలుగా కనిపిస్తాయి. టార్చిని పక్కనుంచి వేస్తే ఇవి బాగా తెలుస్తాయి. నీటిగిన్నె అంచున జిగట తీగలు ఉన్నాయేమో కూడా చూడండి. రాత్రిపూట మాత్రమే తిరిగే పాము విషయంలో పొద్దున కనిపించే ఈ మరకలే తొలి ఆధారం కావచ్చు.

4. రెండో దశ: వినడం

ఫ్యాను, టీవీ ఆపివేసి, పెట్టె దగ్గరగా చెవి పెట్టి రెండు మూడు నిమిషాలు వినండి. వినపడిన శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేయండి. వైద్యుడి గదిలోకి వెళ్లేసరికి పాము ఆ శబ్దం చేయడం ఆపేయవచ్చు. శబ్దాలను ఈ కింది విధంగా వేరు చేసి చూడాలి.

పొడి ఈల: ముక్కుపుటాలలోంచి సన్నగా, గాలి ఇరుకు సందులోంచి పోతున్నట్లు వినిపిస్తుంది. కుబుసం విడిచే ముందు పాత చర్మం కింద ద్రవం చేరినప్పుడు, లేదా విడిచిన తరువాత ముక్కుపుటంలో చిన్న చర్మపు ముక్క మిగిలినప్పుడు ఇది సాధారణం. కళ్లు పాలరంగులోకి మారి, చర్మం వెలిసిపోయిన రోజులలో ఇది మొదలైతే, కుబుసం విడిచేంతవరకు ఆగి చూడవచ్చు. విడిచిన రెండు మూడు రోజుల తరువాత కూడా ఉంటే ఆగకూడదు.

తడి శబ్దం: సన్నని టపటపలు, చిటపటలు, నీటిలో బుడగలు పగులుతున్నట్లుండే గురగుర. శ్వాసమార్గంలో ద్రవం గాని, జిగురు గాని ఉంటేనే ఇది వస్తుంది. కుబుసం సమయమైనా, కాకపోయినా దీనిని మామూలుగా తీసుకోకూడదు. పాము ముందుభాగాన్ని అరచేతిపై తేలికగా ఆనించినప్పుడు ఈ చిటపట చేతికి సన్నని కంపనంగా కూడా తగులుతుంది. కొందరు యజమానులు చెవికంటే ముందు చేతితోనే దీనిని పసిగడతారు.

బుస: ఇది పాము కోపం. ముట్టుకోగానే, నీడ పడగానే వస్తుంది, వదిలేస్తే ఆగిపోతుంది. మనుషులెవరూ దగ్గర లేనప్పుడు కూడా ప్రతి శ్వాసకూ బుసలాంటి శబ్దం వస్తుంటే మాత్రం దానిని కోపంగా భావించకూడదు.

5. మూడో దశ: చేతిలోకి తీసుకుని చూడడం

ఆహారం మింగి రెండు రోజులు నిండని పామును ఈ పరీక్షకు తీసుకోవద్దు. కక్కుకునే ప్రమాదం ఉంది, కక్కినది శ్వాసనాళంలోకి పోతే లేని జబ్బు తెచ్చినట్లవుతుంది. చేతులు కడుక్కుని, పామును మధ్యభాగంలోను ముందుభాగంలోను ఆసరా ఇచ్చి పట్టుకోండి. మెడను బిగించకండి.

ముందుగా ముక్కుపుటాలు చూడండి. రెండూ శుభ్రంగా, పొడిగా, సమానంగా తెరుచుకుని ఉండాలి. అంచులో ఎండిన పొక్కు, ఒక వైపు పూడిక, ఊపిరి వదిలినప్పుడు వచ్చే బుడగ కనిపిస్తే రాసుకోండి. నీళ్లు తాగిన వెంటనే ఒకటి రెండు బుడగలు కనిపించడం సహజమే కాబట్టి, అరగంట ఆగి మళ్లీ చూడాలి. తెల్లని కాగితపు తువ్వాలును మూతికి మెత్తగా తాకిస్తే తడి ఉందో లేదో, ఆ తడి నీరులా ఉందో తీగలా సాగుతోందో తెలుస్తుంది.

తరువాత పెదవుల గీత. నోటి మూలలలో నురగ గాని, దారంలా సాగే జిగురు గాని ఉండకూడదు.

నోటిని బలవంతంగా తెరవకండి. పెన్నుతోనో, స్పూనుతోనో దవడలు విప్పబోతే పళ్లు విరిగి, చిగుళ్లు చీలి, నోటిపూత మొదలవుతుంది. పాము ఆవులించినప్పుడో, తనంతట తాను నోరు తెరిచినప్పుడో టార్చి వేసి చూడడం చాలు. అప్పుడు నోటి అడుగున, నాలుక ఒరకు వెనుక నిలువు చీలికలాంటి రంధ్రం కనిపిస్తుంది. అదే కంఠబిలం, శ్వాసనాళపు ద్వారం. ఊపిరి తీసినప్పుడు తెరుచుకుని, మిగతా సమయంలో మూసుకుని ఉంటుంది. దాని చుట్టూ కండ ఎర్రబడినా, వాచినా, లోపలినుంచి బుడగలు గాని, పసుపు లేదా బూడిదరంగు జిగురు గాని పైకి వస్తున్నా శ్వాసకోశ వ్యాధికి ఇంతకంటే స్పష్టమైన ఆనవాలు ఇంట్లో దొరకదు. నోటి పొర నీలిరంగుకు తిరిగితే అది అత్యవసర స్థితి. అయితే కొన్ని జాతుల నోరు పుట్టుకతోనే నల్లగా ఉంటుంది కనుక మీ పాము సహజమైన రంగు ముందే తెలిసి ఉండాలి.

చివరగా బరువు తూచండి. మలవిసర్జన, ఆహారం కారణంగా వచ్చే హెచ్చుతగ్గులను తీసివేసి చూసినప్పుడు పది శాతం తగ్గితే, వేరే లక్షణం లేకపోయినా వైద్యుడిని కలవాలి. తిండి మానేయడం ఒక్కటే జబ్బుకు గుర్తు కాదు. బాల్ పైథాన్ కొన్ని కాలాలలో నెలల తరబడి తినకుండా ఉండి కూడా బరువు పెద్దగా కోల్పోదు. తినకపోవడంతో పాటు బరువు తగ్గడం, తడి శబ్దం కలిసి వచ్చినప్పుడే దానిని శ్వాసకోశ వ్యాధి వైపు లెక్కించాలి.

6. పొరబడే సందర్భాలు

ఆవులింత: ఆహారం మింగిన తరువాత దవడలను సరిచేసుకోవడానికి పాము రెండు మూడుసార్లు పెద్దగా నోరు తెరుస్తుంది. ఇది మామూలే. ఆహారంతో సంబంధం లేకుండా రోజూ, పదే పదే ఆవులిస్తుంటే, ప్రతి ఆవులింత చివర నోరు పూర్తిగా మూసుకోకపోతే అది శ్వాసమార్గంలోని అడ్డును తొలగించుకునే ప్రయత్నం కావచ్చు.

ఆహారం మింగేటప్పుడు కనిపించే గొట్టం: పెద్ద ఆహారాన్ని మింగుతున్నప్పుడు ఊపిరి ఆడేందుకు పాము కంఠబిలాన్ని నోటి పక్కకు చాపుతుంది. కొత్తగా పెంచేవారు దీనిని పుండుగా భావించి బెదిరిపోతారు. ఆ సమయంలో దానిని కదిలించకుండా వదిలేయడమే చేయవలసిన పని.

కుబుసపు ముక్క: విడిచిన కుబుసాన్ని పారేయకుండా తల భాగాన్ని వెలుగుకు ఎత్తి పట్టండి. రెండు కంటి పొరలు, రెండు ముక్కుపుటాల అచ్చులు అందులో ఉండాలి. ముక్కు భాగం చిరిగి ఉంటే మిగిలిన ముక్క పాము ముక్కులో ఉండవచ్చు. పట్టకారుతో లాగవద్దు. తడి నాచు నింపిన గూడు పెట్టి, తేమ పెంచి, ఒకటి రెండు రోజులు చూడండి.

ఎక్కువ వేడి: పెట్టె మితిమీరి వేడెక్కితే కూడా పాము నోరు తెరిచి, అటూ ఇటూ పరుగెత్తుతూ, నీటిగిన్నెలో దూరుతుంది. ముందు థర్మామీటరు చూడాలి.

నోటిపూత: చిగుళ్లు వాచి, జున్నులాంటి తెల్లని పదార్థం చేరి, నోరు మూతపడకుండా చేస్తుంది. ఇది వేరే వ్యాధే అయినా అక్కడి చీము శ్వాసనాళంలోకి జారి ఊపిరితిత్తులకు సోకగలదు. రెండింటిలో ఏదైనా వైద్యుడి దగ్గరికే వెళ్లాలి.

నరాల జబ్బు: తలను పైకెత్తి ఆకాశం చూస్తున్నట్లు ఉండడం నరాల వ్యాధిలో కూడా కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, శ్వాస ఇబ్బంది ఉన్న పాము తలను ఎత్తినా స్థిరంగా ఉంచుతుంది. నరాల జబ్బులో తల వెనక్కి మెలితిరుగుతుంది, వణుకుతుంది, వెల్లకిల వేస్తే పాము సరిగా తిరగలేదు. బోవాలలో, కొండచిలువలలో వచ్చే ఇన్‌క్లూజన్ బాడీ వ్యాధి అనే వైరస్ జబ్బులోను, ఫెర్లావైరస్ సోకిన పాములలోను నరాల లక్షణాలు, శ్వాస లక్షణాలు రెండూ ఉండవచ్చు. కనుక ఇంట్లో తేల్చుకోవాలని ప్రయత్నించడం వృథా.

7. పెట్టెను పరీక్షించడం

పెంపుడు పాములలో వచ్చే శ్వాసకోశ వ్యాధులలో చాలావాటికి మూలం పెట్టెలోనే ఉంటుంది. పాము శరీరం తనంతట తాను వేడిని పుట్టించుకోలేదు. చల్లదనం ఎక్కువైతే దాని రోగనిరోధక శక్తి మందగిస్తుంది. అప్పటివరకు హాని చేయకుండా నోట్లోనో, పేగుల్లోనో ఉన్న సూడోమోనాస్, ఏరోమోనాస్, క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియా ఊపిరితిత్తిలో తిష్ఠ వేస్తాయి.

సాధారణంగా పాటించే కొలతలు ఇవి. బాల్ పైథాన్‌కు వెచ్చని చోట 31 నుంచి 33, చల్లని చోట 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, తేమ 60 నుంచి 80 శాతం. బోవాకు ఉష్ణోగ్రతలు ఇంచుమించు ఇవే, తేమ 60 నుంచి 70 శాతం. కార్న్ స్నేక్‌కు వెచ్చని చోట 29 నుంచి 31, చల్లని చోట 21 నుంచి 24 డిగ్రీలు, తేమ 40 నుంచి 60 శాతం.

గోడకు అతికించే గుండ్రని ముల్లు మీటర్లను నమ్మకండి. అవి చూపేది గోడ ఉష్ణోగ్రత. పాము పడుకునేది నేల మీద. ప్రోబ్‌ను పాము పడుకునే ఎత్తులో, వెచ్చని గూటి లోపల పెట్టి, పగలు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చదవాలి. చాలా పెట్టెలలో లోపం బయటపడేది తెల్లవారుజామునే.

హీటరును అదుపు చేసే పరికరమైన థర్మోస్టాట్ ప్రోబ్ ఎక్కడ ఉందో చేతితో తడిమి చూడండి. పాము దానిని తోసేసి నీటిగిన్నె కింద ఇరికించి ఉండవచ్చు. అప్పుడు థర్మోస్టాట్ తప్పుడు సమాచారంతో హీటరును నడుపుతుంది, తెర మీద మాత్రం సరైన అంకె కనిపిస్తూనే ఉంటుంది.

తేమ విషయంలో తప్పు రెండు వైపులా జరుగుతుంది. తేమ బాగా తగ్గితే శ్వాసమార్గపు పొర ఎండి దెబ్బతింటుంది. తేమ ఎక్కువై గాలి ఆడకపోతే బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. అన్నిటికంటే చెడ్డది చల్లదనం, తడి కలిసి ఉండడం. తేమ పెంచాలని గాలి రంధ్రాలన్నిటినీ టేపుతో మూసి, రోజూ నీళ్లు చల్లి, అడుగు నానిపోయిన పెట్టెలో పామును ఉంచడం మంచి ఉద్దేశంతో చేసే హాని. అడుగున పరిచిన పదార్థాన్ని గుప్పిట పిండినప్పుడు నీళ్లు కారకూడదు.

ఇంకా చూడవలసినవి:

- దేవదారు, పైన్ వంటి ఘాటైన నూనెలున్న కలప పొట్టు, దుమ్ము రేగే పరుపు
- గదిలో అగరుబత్తి, సిగరెట్ పొగ, సుగంధ స్ప్రేలు, దోమల మందు
- మూత్రం, మలం నిలిచి ఘాటు వాసన వచ్చే మూలలు
- కిటికీ, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు
- కంటి చుట్టూ, గడ్డం కింది మడతలో, నీటిగిన్నె అడుగున కదిలే నల్లని చుక్కల్లాంటి మైట్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు)

8. ఎంత తొందరపడాలో నిర్ణయించుకోవడం

ఇది వ్యాసంలో అన్నిటికంటే ఉపయోగపడే భాగం కనుక విడిగా రాసి గోడకు అంటించుకున్నా తప్పు లేదు.

ఈరోజే వెళ్లాలి: విశ్రాంతిలో కూడా నోరు తెరిచి ఊపిరి తీయడం, తలను నిలువుగా ఎత్తి దించకపోవడం, నోటినుంచి నురగ లేదా చిక్కని జిగురు, నీలిరంగు నోరు, ముట్టుకున్నా స్పందించని నీరసం.

రెండు మూడు రోజులలో వెళ్లాలి: తడి శబ్దం, ముక్కుపుటాలలో పదే పదే బుడగలు, గోడలపై జిగురు మరకలు, కారణం తెలియని బరువు తగ్గుదల, ఇంట్లో మరో పాముకు ఇటీవల శ్వాసకోశ వ్యాధి వచ్చి ఉండడం.

గమనిస్తూ ఉండవచ్చు: పొడి ఈల మాత్రమే ఉండి, కుబుసం సమయమై, ఉత్సాహం, బరువు, ఊపిరి విరామాలు మారకపోవడం. ఇందులో కూడా రోజుకొకసారి చూసి రాయాలి. ఒక్క తడి లక్షణం చేరినా ఈ వర్గం నుంచి పైకి మార్చాలి.

వేడి పెంచితే అదే తగ్గుతుందిలే అని వారం వారం వాయిదా వేయడమే పాములు దక్కకుండా పోవడానికి ప్రధాన కారణమని నా అభిప్రాయం. పెట్టెను సరిచేయడం తప్పనిసరే, కాని ఊపిరితిత్తిలో ఒకసారి చేరిన చీమును వేడి ఒక్కటే తొలగించలేదు.

9. వైద్యుడి దగ్గరకు చేరేలోపు

పామును వేరే గదిలో సాదా పెట్టెలోకి మార్చండి. అడుగున కాగితపు తువ్వాళ్లు పరిస్తే జిగురు, మలం రంగు స్పష్టంగా కనిపిస్తాయి. ఉష్ణోగ్రతలను ఆ జాతికి చెప్పిన పరిధిలో పై అంచుకు తీసుకురండి, దాన్ని దాటించవద్దు. చల్లని వైపు కూడా తప్పక ఉండాలి, ఎటు ఉండాలో పామే ఎంచుకోవాలి. రాత్రి ఉష్ణోగ్రత పడిపోకుండా చూడండి. శుభ్రమైన నీరు పెట్టండి. అనవసరంగా పట్టుకోవద్దు.

చేయకూడనివి:

- ఇంట్లో మిగిలిన మనుషుల యాంటీబయాటిక్స్, కోళ్ల మందులు వేయడం
- జలుబు మందులు, మెంథాల్ ఉన్న లేపనాలు పూయడం
- వేడి నీటి ఆవిరి పట్టడం. పాము చర్మం త్వరగా కాలుతుంది.
- బలవంతంగా తినిపించడం, నోట్లో నీళ్లు పోయడం. అవి శ్వాసనాళంలోకి పోతాయి.
- తల కిందకు వేలాడదీసి జిగురు కార్చడానికి ప్రయత్నించడం

యాంటీబయాటిక్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. పరీక్షకు ముందు ఒకటి రెండు మోతాదులు పడితే, కల్చర్ పరీక్షలో (నమూనాలోని సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచి చూసే పరీక్ష) సూక్ష్మజీవి పెరగక, ఏ మందు పనిచేస్తుందో వైద్యుడికి తెలియకుండా పోతుంది.

10. వైద్య పరీక్ష, చికిత్స ఎలా ఉంటాయి

ప్రయాణానికి పామును గాలి ఆడే గుడ్డ సంచిలో పెట్టి, సంచి మూతిని ముడి వేసి, దానిని రంధ్రాలున్న గట్టి డబ్బాలో ఉంచండి. చల్లని వాతావరణమైతే వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి సంచికి తగలకుండా డబ్బాలో పక్కన పెట్టండి. మీ పుస్తకం, వీడియోలు, పెట్టె ఫోటోలు, తాజా మలం నమూనా వెంట తీసుకువెళ్లండి.

వైద్యుడు కంఠబిలాన్ని చూస్తారు, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. శ్వాసనాళంలోకి సన్నని గొట్టంతో శుభ్రమైన సెలైన్ పంపి, వెనక్కి లాగి, ఆ ద్రవాన్ని సూక్ష్మదర్శినిలోను కల్చర్‌లోను పరీక్షించడం కారణం కనుక్కోవడానికి ఎంతో ఉపకరిస్తుంది. కేవలం నోటి తడిని కల్చర్ చేస్తే నోట్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియా కూడా పెరిగి తప్పుదారి పట్టిస్తుంది.

కొండచిలువలలో సర్పెంటోవైరస్ పరీక్ష గురించి ప్రత్యేకంగా అడగండి. దీనిని 2014లో బాల్ పైథాన్‌లలో మొదట వర్ణించారు, నిడోవైరస్ అన్న పేరుతో కూడా పిలుస్తారు. నోటి తడిని దూదిపుల్లతో తీసి (స్వాబ్), దానిపై పీసీఆర్ అనే జన్యుపదార్థ పరీక్ష చేసి తెలుసుకుంటారు. దీనిని నేరుగా చంపే మందు లేదు. యాంటీబయాటిక్‌తో మెరుగై మళ్లీ మళ్లీ జబ్బు తిరగబెట్టే పాము వెనుక తరచుగా ఇలాంటి వైరస్ ఉంటుంది. పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే వైరస్‌ను వ్యాపింపజేసే పాములు కూడా ఉన్నాయి. అడవినుంచి పట్టి తెచ్చిన పాములలో ఊపిరితిత్తి పురుగులు, పెంటాస్టోమ్ అనే పరాన్నజీవులు కూడా కారణం కావచ్చు. ఈ పెంటాస్టోమ్ గుడ్లు మనుషులకు కూడా సోకగలవు కాబట్టి అటువంటి పాము మలాన్ని, జిగురును చేతి తొడుగులతోనే శుభ్రం చేయాలి.

బ్యాక్టీరియా కారణమైతే మందులు ఎక్కువగా ఇంజెక్షన్ రూపంలో, శరీరం ముందుభాగపు కండరాలలో ఇస్తారు. తోకవైపునుంచి వచ్చే రక్తం ముందు మూత్రపిండాల గుండా పోతుంది కాబట్టి వెనుకభాగంలో ఇవ్వరు. పాము శరీరం మందును నెమ్మదిగా బయటికి పంపుతుంది కనుక కొన్ని ఇంజెక్షన్లను మూడు రోజులకొకసారే ఇస్తారు. చికిత్స తరచుగా మూడు వారాలు లేదా అంతకంటే ఎక్కువ సాగుతుంది. పాము చల్లగా ఉంటే మందు పనితీరు కూడా మారుతుంది, కాబట్టి ఉష్ణోగ్రత కాపాడడం చికిత్సలో భాగమే. మందు పొగమంచుగా పీల్పించే నెబ్యులైజేషన్‌ను కూడా కొందరు వైద్యులు జోడిస్తారు.

ఐదారు రోజులలో శబ్దం తగ్గగానే మందు ఆపడం చాలామంది చేసే పెద్ద తప్పు. శబ్దం ఆగడానికి, ఊపిరితిత్తి బాగుపడడానికి మధ్య చాలా దూరం ఉంటుంది. వైద్యుడు చెప్పిన చివరి మోతాదు వరకు ఇచ్చి, పునఃపరీక్షకు వెళ్లాలి.

11. ఇంట్లో వేరే పాములు ఉంటే

జబ్బు పామును అన్నిటికంటే చివర చూసుకోవాలి. దాని నీటిగిన్నె, కొక్కెం, పట్టకారు దానికే ప్రత్యేకం. ఆ గదినుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కుని, వీలైతే బట్టలు మార్చుకుని మిగతావాటి దగ్గరికి వెళ్లాలి. పాములు మోసే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా మనుషులకు కూడా హాని చేస్తుంది కనుక ఈ గిన్నెలను వంటగది సింకులో కడగకూడదు. ఐదేళ్లలోపు పిల్లలను దూరంగా ఉంచాలి.

పెట్టెను శుభ్రం చేసేటప్పుడు ముందు మలమూత్రాలను పూర్తిగా తుడిచి, తరువాత క్రిమిసంహారకాన్ని సీసాపై చెప్పిన పాళ్లలో వాడి, చెప్పినంతసేపు ఉంచి, బాగా కడిగి, వాసన పూర్తిగా పోయేవరకు ఆరబెట్టాలి. బ్లీచ్‌ను మరే శుభ్రపరిచే ద్రవంతోనూ కలపకండి. అప్పుడు పుట్టే వాయువులు ఊపిరితిత్తికి మరింత హాని చేస్తాయి.

కొత్తగా వచ్చే ప్రతి పామును కనీసం మూడు నెలలు వేరే గదిలో ఉంచాలి. కొండచిలువలకు ఆ వ్యవధిలోనే సర్పెంటోవైరస్ పరీక్ష చేయించడం, అది కూడా ఒకసారి కాకుండా కొంత వ్యవధి ఇచ్చి రెండోసారి చేయించడం మంచిది. ఆరోగ్యంగా కనిపించిందన్న కారణంతో ఈ గడువును తగ్గించకండి.

12. కోలుకునే కాలంలో రోజువారీ పరిశీలన

- పొద్దున: పెట్టె గోడలపై మరకలు, కాగితంపై తడి
- మధ్యాహ్నం: తాకకుండా ఐదు నిమిషాలు ఊపిరి తీరు, తల భంగిమ
- రాత్రి: చెవితో వినడం, రెండు వైపులా ఉష్ణోగ్రత, తేమ
- వారానికొకసారి: బరువు
- మందు ఇచ్చిన రోజు: తేదీ, మోతాదు, ఇంజెక్షన్ వేసిన చోటు. ప్రతిసారీ చోటు మార్చాలి.

ఆహారాన్ని వైద్యుడు అనుమతించిన తరువాతే, మామూలుకంటే చిన్న పరిమాణంతో మొదలుపెట్టండి. మొదటిసారి తిన్న తరువాత మూడు రోజులు పట్టుకోకండి. మందుల గడువు ముగిశాక కూడా నెల రోజులపాటు ఈ పట్టిక కొనసాగించి, ఆ మధ్యలో కుబుసం విడిస్తే తల భాగాన్ని వెలుగులో చూసి, విడిచిన తరువాత ఊపిరి శబ్దాన్ని మరోసారి రికార్డు చేసి పాత వీడియోతో పోల్చుకోండి.